అత్తయ్య అన్న వద్దు

“చదువు తమ్ముడూ. పైకి చదువు. నీ భార్య కూడా వింటుంది.”

ఆడపడుచు కోటు కూడా విప్పలేదు. స్టేషన్ నుంచి నేరుగా వచ్చేసినట్టుంది, బూట్లకంటిన మంచు కరిగి వంటింటి గచ్చు మీద చిన్న మడుగు కట్టింది. ఆవిడ సంచీలోంచి తీసి విసిరిన వృద్ధుల హోము రిజిస్టరు జెరాక్సు కాగితం రెండు సూపు గిన్నెల మధ్య పడి ఉంది.

తమ్ముడు కళ్ళజోడు సవరించుకున్నాడు. పాతికేళ్ళుగా లైబ్రరీలో పనిచేస్తున్న మనిషి. ఇల్లు తగలబడుతున్నా ‘కాస్త మంటలండీ’ అని పక్కవాళ్ళకి ఇబ్బంది లేకుండా చెప్పే రకం. ఆ గొంతుతోనే చదివాడు.

“ఆదివారం ఉదయం పదకొండు గంటలు. తొమ్మిదో గది పెద్దావిడను కోడలు, ఆమె స్నేహితురాళ్ళు ఇద్దరు జారుడు బండి మీద కూర్చోబెట్టి, గడ్డకట్టిన చెరువు మీద తిప్పారు. ఆవిడ వద్దు వద్దని పదే పదే అరిచారు. అయినా వాళ్ళు ఆపలేదు.”

“ఆ చివరి మాట ఇంకోసారి చదువు.”

“అక్కా…”

“చదవవురా?”

“అయినా వాళ్ళు ఆపలేదు,” అన్నాడు తమ్ముడు, పుస్తకం మూసినట్టు కాగితాన్ని మడుస్తూ.

టైలరమ్మ గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. ఆవిడ బట్టలు సరిచేసే కొట్టు తెరిచి పద్దెనిమిదేళ్ళయింది. వీధిలోవాళ్ళకీ స్నేహితులకీ, చివరికి కట్టుకున్నవాడికీ ఆవిడ టైలరమ్మే. ఎవరేమన్నా సూదిలా పొడిచి జవాబు చెప్పే మనిషని పేరు. ఆ సాయంత్రం మాత్రం నోరు కుట్టేసినట్టయింది.

“కూర్చోండి వదినా. ముందు వేడివేడిగా ఇంత సూపు తాగండి.”

“నీ సూపు కోసం ఆరు గంటలు రైల్లో కూర్చుని రాలేదు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. కుడివైపంతా చచ్చుబడిన మనిషి. ఆవిణ్ణి మంచుగడ్డ మీదికి లాక్కెళ్ళి ఆటలాడుకుంటారా ముగ్గురూ? మీకేమన్నా పదహారేళ్ళా?”

“ఆటలు కాదు. చెరువు చుట్టూ ఒక్క చుట్టు తిప్పాం. మేం ప్రతి ఆదివారం అక్కడ స్కేటింగుకి వెళ్తామా, ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని మమ్మల్నే చూస్తుంటారు. మూడు వారాలుగా చూస్తున్నాను, బండి మీద పిల్లలు వెళ్తుంటే ఆవిడ కళ్ళు వాళ్ళ వెనకే…”

“వద్దందా లేదా?”

“అన్నారు.”

“ఆపావా?”

“ఆపలేదు.”

“ఇంకేముంది, అయిపోయింది,” అని ఆడపడుచు అప్పుడు కూర్చుంది. కోటుతోనే కూర్చుంది.

“అలా తేల్చేస్తే ఎలా వదినా! అత్తయ్యకి మిగిలింది ఆ ఒక్క మాటే కదా!”

అది మాత్రం అందరికీ తెలిసిన నిజం. ఏడాదిన్నర కిందట పక్షవాతం వచ్చినప్పుడు పెద్దావిడ కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. వాటితోపాటు, ఒకప్పుడు ఇల్లంతా తనే అయి మాట్లాడిన మనిషి మాటలన్నీ పోయి ఒక్కటి మాత్రం మిగిలింది. టీ ఇస్తే వద్దు. కిటికీ తెరిస్తే వద్దు. కొడుకు వచ్చినా వద్దే, నర్సు వెళ్ళినా వద్దే. డాక్టరు అది జబ్బు లక్షణమే అన్నాడు. మాట అదే వస్తుంది కానీ మనసులో ఉన్నది అదే కానక్కర్లేదట.

“ఆ వద్దులో కావాలీ ఉంటుంది, అక్కర్లేదూ ఉంటుంది,” అంది టైలరమ్మ.

“ఏది ఏదో నీకెలా తెలుస్తుంది?”

టైలరమ్మ ఒక్క క్షణం గరిటెలోకి చూసింది.

“గొంతులో తెలుస్తుంది.”

అబద్ధం. గొంతులో ఏమీ తెలియదు. తెలిసే దారి వేరే ఉంది. దాని గురించి ఆ సాయంత్రం నోరు విప్పే ధైర్యం ఆవిడకి లేకపోయింది.

“గొంతులోనా!” ఆడపడుచు నవ్వింది కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. “నాకెందుకు తెలీలేదు మరి? ఆవిడ కడుపున పుట్టినదాన్ని. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాను. ఆ ఫోను ఆవిడ చెవి దగ్గర పట్టుకునేది నువ్వే. అవునా?”

“అవును.”

“అమ్మా, వచ్చే వారం రానా అంటాను. ఏమంటుంది?”

టైలరమ్మ గరిటె గిన్నె అంచున ఆనించింది.

“వద్దంటుంది. మొదట్లో నెలకోసారి వచ్చేదాన్ని, గుర్తుందా? ప్రతిసారీ ముందు అడిగేదాన్ని, ప్రతిసారీ వద్దే. ఎన్నిసార్లని వద్దనిపించుకుని రాను? నేనేం పాపం చేశాను, నన్ను చూడ్డమే ఆవిడకి ఇష్టం లేకుండా పోయిందా అని… ఫోను పెట్టేశాక నేను ఎంతసేపు అక్కడే కూర్చుండిపోతానో మీ ఇద్దరిలో ఎవరికైనా తెలుసా? డాక్టరు లక్షణమంటాడు. లక్షణం నీ చెవిలో పడితే తెలుస్తుంది.” ఆవిడ మరదలి వైపు తిరిగింది. “ఇప్పుడు చెప్పు. నీకు గొంతులో తెలుస్తుందిగా. నాతో అన్న వద్దు ఏ వద్దు?”

పొయ్యి మీద సూపు పొంగి, గిన్నె అంచు దాటి మంట మీద పడి చుయ్యిమంది.

“స్టవ్వు,” అన్నాడు భర్త మెల్లిగా.

టైలరమ్మ స్టవ్వు కట్టేసింది. గుడ్డ తీసుకుని తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఆడపడుచు ఆ వీపు వైపు చాలాసేపు చూసి, సంచీలోంచి ఇంకో కాగితాల కట్ట తీసింది.

“మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక హోముంది. గది ఖాళీ అయింది, సోమవారం చేర్చుకుంటామన్నారు. అమ్మ పిల్లలిద్దరి సంతకాలూ కావాలి. నాది పెట్టేశాను.”

“ఆరు గంటల ప్రయాణం,” అంది టైలరమ్మ, గుడ్డ పిండుతూనే.

“ఏడాదిన్నర నేను ఉన్నది కూడా ఆరు గంటల దూరంలోనే.”

ఇద్దరూ ఆయన వైపు చూశారు. ఆయన ఎప్పుడూ గోడమీది పిల్లి. అక్క వైపు దూకితే ఇంట్లో తిండి ఉండదు, పెళ్ళాం వైపు దూకితే అక్కతో మాట ఉండదు. ఆయన కాగితాలు సరిగ్గా దొంతిపెట్టి, అంచులు సమంగా తట్టి, ఎవరూ ఊహించని మాటన్నాడు.

“అమ్మని అడుగుదాం.”

“ఏ భాషలో?” అంది అక్క.

“నువ్వే అడుగు అక్కా. రేపు మధ్యాహ్నం, పెద్ద నర్సు ముందు. అమ్మ ఏమంటే నేను అది చేస్తాను.”

ఆడపడుచు ఆలోచించింది. “సరే. ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని అడిగితే, మాట రాకపోతే ఊరుకుంటుంది కానీ నా తల్లి నా మొహం మీద వద్దనదు. అందంటే ఆ కాగితాలు అక్కడే చింపేస్తాను. మళ్ళీ ఈ ఊరు రాను, ఫోనూ చెయ్యను. కానీ ఒక షరతు. నీ భార్య గొంతులూ రాగాలూ చెప్పకూడదు. వద్దంటే వద్దే.”

ఆయన భార్య వైపు చూశాడు. టైలరమ్మ తలూపింది.

ఊపిన క్షణానే ఆవిడకి తెలిసింది, తను గెలిచిందని. ఏమడిగినా అత్తయ్య అనేది ఒకటే. నోరు మూసుకుని నిలబడితే చాలు, అత్తయ్య ఇక్కడే ఉంటుంది. మధ్యాహ్నం కొట్టు మూసి వెళ్ళి అన్నం తినిపించే ఆ గంట, ఆదివారాలు, అన్నీ తనవే. ఆ తెలివికి ఆవిడకి ఆనందం కలగలేదు, సిగ్గేసింది.

•

మర్నాడు, ఆదివారం పొద్దున్న చెరువు మీద ఎండ బాగానే ఉంది. ఎండన్నది పేరుకే. కళ్ళకి గుచ్చుకుంటుంది తప్ప ఒంటికి తగలదు.

ఏడు చలికాలాలుగా టైలరమ్మా, ఆవిడ స్నేహితురాళ్ళిద్దరూ ఆదివారం పది గంటలకి అక్కడ కలుస్తారు. ఒకరు సిటీ బస్సు నడిపే డ్రైవరమ్మ. మంచు మీద కూడా మలుపు తిరిగే ముందు చెయ్యి చాపి సైగ చేస్తుంది. రెండోది లెక్కల టీచరు. ఎవరెన్నిసార్లు పడ్డారో లెక్క ఆవిడ దగ్గరుంటుంది, తను పడినవి మాత్రం ఆ లెక్కలోకి రావు. గంటసేపు జారి, పడి, ఒకరినొకరు తిట్టుకుని, బూట్లు మార్చుకుని ఒడ్డున ఉన్న వృద్ధుల హోములోకి వెళ్తారు. అక్కడ అద్దాల వరండాలో పెద్దవాళ్ళతో టీ తాగుతారు, పేకాడతారు, ఓడిపోతారు. ఈ ఏడాది మొదట్లో టీచరు ఎక్కడిదో పాత జారుడు బండి తెచ్చింది. వెనక తోసే పిడి, ముందు వీపు ఆన్చుకునే కుర్చీ. దానితోనే మొదలైంది తంటా అంతా.

ఆ రోజు బండి హోము కంచెకి గొలుసుతో కట్టేసి ఉంది. దానికి ఒక అట్ట వేలాడుతోంది. ‘వాడరాదు’ అని పెద్ద నర్సు దస్తూరీ. అద్దాల వెనకనుంచి కెప్టెన్ తాతయ్య చేతులూపుతున్నాడు. ఒకప్పుడు రేవు దాటించే పడవ నడిపిన మనిషి. పోయిన ఆదివారం పెద్దావిడ బండెక్కి వెళ్ళడం చూసి, అదే పూట ఎనిమిది మంది పేర్లతో వరస కాగితం తయారుచేశాడు. మొదటి పేరు తనదే.

“ఇవాళ నువ్వు నాలుగుసార్లు పడ్డావు,” అంది టీచరు. “ఎప్పుడూ రెండు దాటవు. ఏమైందే?”

టైలరమ్మ ఒడ్డున బల్ల మీద కూర్చుని అంతా చెప్పింది. కాగితం, ఆరు గంటల దూరం, షరతు. డ్రైవరమ్మ బూట్ల తాళ్ళు విప్పడం ఆపేసి వింది.

“ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు,” అంది చివరికి. “ఆ రోజు వెనకనుంచి తోసింది నేను. నాకు ఆవిడ మొహం కనపడలేదు. వద్దు వద్దు అన్నదే వినపడింది. నువ్వు ముందు జారుతూ, వెనక్కి తిరిగి ‘సంతోషమే అది, తొయ్యి తొయ్యి’ అన్నావు. తోశాను. కానీ అప్పట్నుంచీ నాకు బాగోలేదే. బస్సులో ముసలావిడ ఆపమంటే ఆపుతాను. పక్కనున్న కోడలు ‘ఊరికే అంటుందిలెండి, పోనివ్వండి’ అంటే పోనిస్తానా?”

“నాకు తెలుసు కాబట్టే అన్నాను.”

“ఎలా తెలుసు? చెయ్యి చూశావా?”

స్నేహితురాళ్ళిద్దరికీ అత్తయ్య చేతి సంగతి తెలుసు. హోములో చేరిన రెండో నెలలో, అన్నం తినిపిస్తుండగా టైలరమ్మ కనిపెట్టింది. అత్తయ్య వద్దు అంటూనే ఎడం చేత్తో, చెంచా పట్టిన కోడలి చేతిని పట్టుకుని నోటి దగ్గరికి లాక్కుంటుంది. నిజంగా అక్కర్లేకపోతే, అదే వద్దు, కానీ ఎడం చెయ్యి ఒళ్ళోకి పోయి పిడికిలి బిగుసుకుంటుంది. నోరు ఏమన్నా చెయ్యి నిజం చెప్తుంది. నర్సులు మారుతుంటారు, వాళ్ళకి అంత తీరిక లేదు. కొడుకు వచ్చినప్పుడు పేపరు చదివి వినిపిస్తాడు, ఆయన కళ్ళు పేపరు మీదే.

“చెయ్యి చూశావా అని అడుగుతున్నాను.”

“లేదు,” అంది టైలరమ్మ. “చేతులు సంచీలో ఉన్నాయి.”

ఆ సంచీ ఆవిడే కుట్టింది. రెండు పాత బొంతలు కలిపి, లోపల ఉన్ని కోటు లైనింగు వేసి, కాళ్ళ దగ్గర మూసి, మెడదాకా గుండీలు పెట్టి, మనిషిని నిలువునా దింపే సంచీ. గాలి దూరే సందు ఒక్కటి లేకుండా కుట్టానని రెండు రోజులు గొప్పలు పోయింది. గాలికి సందు లేకుండా చేసింది, చేతికీ లేకుండా చేసింది. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చొక్కాలకి చేతులు కుట్టిన మనిషి, సొంత అత్తగారి చేతుల మాట మరిచిపోయింది.

“ఆవిడ భయపడిందో, సరదా పడిందో నాకు నిజంగా తెలీదు. నేను సరదాగా ఉన్నాను కాబట్టి ఆవిడా సరదాగా ఉందనుకున్నాను. అంతే.”

చెరువు మధ్యలో పిల్లలు కేకలేసుకుంటూ వెళ్ళారు.

“సరే, మంచు సంగతి తెలీదు,” అంది టీచరు. ఏ లెక్కా సగంలో వదలని మనిషి. “ఫోను సంగతి?”

టైలరమ్మ తన ఎడం మణికట్టు చూసుకుంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోను అత్తయ్య చెవి దగ్గర పెట్టగానే ఆ ఎడం చెయ్యి లేచి వచ్చి ఫోనునీ, ఫోను పట్టుకున్న చేతినీ కలిపి పట్టేస్తుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంటుంది. రానా అమ్మా అన్న మాట వినపడినప్పుడు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వద్దు, వద్దు, వద్దు అంటుంది నోరు.

“తెలుసు,” అంది.

“తెలిసీ చెప్పలేదా?”

“మొదటిసారే చెప్దామనుకున్నానే. కానీ వదిన వస్తే మా ఇంట్లోనే దిగుతుంది. నా వంటకి వంక, నా కొట్టుకి వంక, పరదా వంకరగా ఉందని నా కుట్టుకి కూడా వంక. ఈ నెల పని ఎక్కువగా ఉంది, వచ్చే నెల చెప్దాం అనుకున్నాను. తర్వాత ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటుందని భయమేసింది. అలా అలా ఏడాది దాటిపోయింది. నిన్న ఆవిడ నన్ను సూటిగా అడిగింది. నేను స్టవ్వు తుడిచాను.”

“సున్నా,” అంది టీచరు. తిట్టినట్టు కాదు, జవాబు పత్రం చూసి బాధపడ్డట్టు అంది.

“ఇవాళ చెప్పకపోతే నువ్వు గెలుస్తావు కదా!” అంది డ్రైవరమ్మ.

“అదేనే నా ఏడుపు.”

టైలరమ్మ పక్కనున్న మూట విప్పింది. సంచీని పొద్దున్నే కొట్టుకి తీసుకెళ్ళి ఎడంవైపు నడుము పైన జానెడు చీలిక కోసింది. అంచులకి మెత్తటి గుడ్డ పట్టీ వేసి, రెండు వరసలు కుట్టు వేసింది. వరండాలో చలిగా ఉంటుంది, సంచీ ఎలాగూ కావాలి, కానీ ఆ చెయ్యి ఇంకెప్పుడూ లోపల ఉండిపోకూడదు అనుకుంది. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. డ్రైవరమ్మ ఆ చీలికలోంచి తన చెయ్యి దూర్చి, బయటికి తీసి, వేళ్ళు ఆడించి చూసింది.

“బాగా వచ్చింది,” అంది.

•

అద్దాల వరండాలో పెద్దవాళ్ళందరినీ ఆ చివరికి జరిపారు కానీ, జరిగినవాళ్ళెవరూ చెవులు వెంట తీసుకెళ్ళలేదు. కెప్టెన్ తాతయ్య పేక ముక్కలు తిరగేసి పట్టుకుని మరీ ఆడుతున్నట్టు నటిస్తున్నాడు. స్నేహితురాళ్ళిద్దరూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. పెద్ద నర్సు రిజిస్టరు తెరిచి పెన్ను మూత తీసింది.

పెద్దావిడ చక్రాల కుర్చీలో, సంచీలో, మెడదాకా గుండీలతో కూర్చుని ఉంది. తెల్ల జుట్టు దువ్వి ముడివేసి ఉంది. కూతురు లోపలికి రాగానే కళ్ళు అటు తిరిగాయి, మళ్ళీ కదల్లేదు.

ఆడపడుచు ఇవాళ కూడా కోటు విప్పలేదు కానీ గుండీలు తీసింది. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కాగితాలు పక్కన నేల మీద పెట్టింది. చెయ్యి పట్టుకుని అడుగుతానన్న మనిషి సంచీ చూసి తడబడి, చేతులు తల్లి మోకాళ్ళ మీద పెట్టింది.

“అమ్మా.”

“వద్దు,” అంది పెద్దావిడ వెంటనే.

“ఇంకా ఏమీ అడగలేదమ్మా.” ఆడపడుచు నవ్వబోయింది. “నేను మొండిదాన్నని నువ్వే అనేదానివి కదా. ఇన్నాళ్ళూ ఫోనులో నువ్వు రావద్దంటే రాలేదు. తప్పు నాదే. అడక్కుండా వచ్చేయాల్సింది. ఇప్పుడు ఎదురుగా అడుగుతున్నాను. మా ఊరు వస్తావా? నీకక్కడ గది చూశాను. కిటికీ పెద్దదే, చెరువు మాత్రం లేదు. రోజూ పొద్దున్న పనికి వెళ్ళే ముందు వస్తాను, సాయంత్రం వస్తాను. తల నేనే దువ్వుతాను. నాతో వస్తావా అమ్మా?”

పెద్దావిడ పెదవులు కదిలాయి. ఎడం బుగ్గ వణికింది. ఎంతోసేపు దేన్నో పైకి తేవడానికి పెనుగులాడినట్టయింది. ఆఖరికి వచ్చింది ఆ ఒక్కటే.

“వద్దు.”

ఆడపడుచు తల వంచుకుంది. వరండాలో ఎవరో దగ్గారు. పెద్ద నర్సు పెన్ను కాగితం మీద కదిలిన చప్పుడు వినపడింది. తమ్ముడు కిటికీలోంచి చెరువు వైపు చూస్తున్నాడు, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

అప్పుడు సంచీ ఎడంవైపు, కొత్తగా కుట్టిన పట్టీ కదిలింది. చీలికలోంచి ముందు రెండు వేళ్ళు బయటికి వచ్చాయి, వెతుక్కున్నాయి. తర్వాత చెయ్యంతా వచ్చి, వేలాడుతున్న కోటు అంచుని పట్టుకుంది.

ఆడపడుచు కోటు లాగినట్టయి చూసుకుంది. “చిక్కుకుందమ్మా, ఉండు,” అని ఒక్కొక్క వేలూ మెల్లిగా విప్పి, ఆ చేతిని తల్లి ఒళ్ళో పెట్టింది. కళ్ళు తుడుచుకుని నేల మీద కాగితాల కోసం వంగింది. చెయ్యి మళ్ళీ లేచి మళ్ళీ కోటు పట్టుకుంది. ఆవిడ మళ్ళీ విప్పింది.

చూస్తున్నది టైలరమ్మ ఒక్కతే. గుమ్మంలో ఉన్నవాళ్ళకి కుర్చీ వెనక భాగమే కనపడుతోంది. తను నోరు విప్పకపోతే ఇంకో నిమిషంలో కాగితాలు చిరిగిపోతాయి. రేపు మధ్యాహ్నం కొట్టు మూసి ఎప్పటిలాగే ఇక్కడికి వస్తుంది. చెంచా పట్టుకుంటుంది. ఆ చెయ్యి వచ్చి తన చేతిని పట్టుకుంటుంది. పట్టుకున్న ప్రతిసారీ ఇవాళ విప్పేసిన ఆ వేళ్ళు గుర్తొస్తాయి.

ఆడపడుచు కాగితాలు రెండు చేతులతో నిలువునా పట్టుకుంది.

“వదినా, ఆగండి. ఆ వేళ్ళు విప్పకండి.”

అందరూ తిరిగి చూశారు.

“వద్దంటే వద్దే అని షరతు,” అంది ఆడపడుచు, తల ఎత్తకుండా. “ఇప్పుడు గొంతు గురించి చెప్పకు.”

“గొంతులో ఏమీ తెలీదు వదినా. నిన్న అబద్ధం చెప్పాను. చేతిలో తెలుస్తుంది. కావాలంటే పట్టుకుంటుంది. అక్కర్లేకపోతే పిడికిలి ఒళ్ళో పెట్టుకుంటుంది. ఏడాదికి పైగా చూస్తున్నాను, ఒక్కసారీ తప్పలేదు.” కోటు పట్టుకున్న చేతిని చూపించింది. “మీ అమ్మ వస్తానంటోంది.”

ఆడపడుచు కోటు అంచు వైపు చూసింది. ఆ చెయ్యి మూడోసారి వచ్చి అక్కడే ఉంది. గోళ్ళు తెల్లబడేలా పట్టుకుని ఉంది.

“ఫోనులో?” అంది చాలా నెమ్మదిగా.

“ఫోనులోనూ అంతే. ప్రతి ఆదివారం. నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకునేది. మీరు రానా అన్నప్పుడు ఇంకా గట్టిగా పట్టుకునేది. నేను చెప్పలేదు. చెప్తే మీరు వస్తారని చెప్పలేదు.”

ఆడపడుచు కేకలేసి ఉంటే టైలరమ్మకి తేలికయ్యేది. ఆవిడ మరదలి మొహంలోకి చూసింది, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కాగితాలు చేతిలోంచి నేల మీదికి జారిపోయాయి. తమ్ముడు వంగి వాటిని తీసి, అలవాటుగా అంచులు సమంగా తట్టబోయి, మానేశాడు. జేబులో పెన్ను ఉంది, తీయలేదు.

“నేనేం రాయమంటారు?” అని అడిగింది పెద్ద నర్సు.

“మరి మంచు మీద?” అంది ఆడపడుచు. “ఆ రోజు అన్న వద్దు?”

“అది మాత్రం తెలీదు వదినా. చేతులు లోపల పెట్టి గుండీలు వేసింది నేనే. ఆ సంచీకి అప్పుడు ఆ చీలిక లేదు.”

ఆడపడుచు తల్లి చేతిని ఈసారి విప్పలేదు. తన చెయ్యి దాని మీద వేసి, మోకాళ్ళ మీదే ఉండి, అద్దంలోంచి బయటికి చూసింది. ఎండలో చెరువు మెరుస్తోంది. కంచెకి కట్టిన బండి మీద ‘వాడరాదు’ అట్ట గాలికి తిరుగుతోంది. ఆవిడ అటే చాలాసేపు చూసింది.

“ఆ గొలుసు తాళం ఎవరి దగ్గరుంది? ఇప్పుడు చెయ్యి బయటే ఉందిగా,” అంది.

పెద్ద నర్సు నోరు తెరిచింది. అంతకంటే ముందే పెద్దావిడ పలికింది.

“వద్దు.”

ఈసారి వరండాలో ఉన్నవాళ్ళందరూ చేతివైపే చూశారు.